తాడు మోయగలిగినంత

గలీసియాలో వాన పడదు, వేలాడుతుంది.
కంబాదోస్ రేవులో నలభై ఏళ్లుగా
నేనూ దాని కిందే వేలాడుతున్నాను,
తెప్ప కింది ఆల్చిప్పల తాడులా.

పోయిన చలికాలం
క్రేను కొక్కెం పట్టుకుని నిద్రపోయాను.
నవ్వకండి. నిలబడే.
గడ్డం వారానికోసారి గీస్తే సరిపోయేది.
కోపం రావలసిన చోట ఏడుపొచ్చేది.
కార్మె పక్కన పడుకుంటే
రైల్లో ఎవరి పక్కనో పడుకున్నట్టుండేది.
వయసు, ఎలాదియో, వయసు, అన్నారు బార్లో.
అరవై కూడా రాలేదురా అన్నాను.
గట్టిగా అనలేదు.

డాక్టరమ్మ రెమెదియోస్ వెంటనే మందు రాయలేదు.
పొద్దున ఎనిమిదింటికి పరగడుపున రమ్మని
రక్తం తీసింది.
పదిహేను రోజులాగి మళ్లీ ఎనిమిదింటికే, మళ్లీ రక్తం.
ఒక్క అంకె సాక్ష్యం చాలదట.
ప్రోస్టేటు చూసింది. నా గురక సంగతి
నన్ను కాదు, కార్మెను అడిగింది.
ఇంకా పిల్లలు కావాలా అని కూడా అడిగింది.
కార్మె నవ్విన నవ్వుకి గోడ మీద క్యాలెండరు ఊగింది.
"మీకు నవ్వులాటే గానీ,
కావాలనుకునేవాళ్లకి ఇది విత్తనాన్నే ఎండగడుతుంది."

ఈ ఎదురుచూపుల మధ్యలో వచ్చాడు ఫెర్మిన్.
ఎద్దు మెడ, ఉడికిన పీత ముఖం.
జిమ్ము సంచీలోంచి సీసా తీశాడు, లేబుల్ లేనిది.
"వాళ్లు చెంచాతో పోస్తారు, నేను గరిటెతో పోస్తాను."

వాడికి తాడు గురించి చెప్పాను.
పిల్ల ఆల్చిప్పలు ఒత్తుగా పెరుగుతున్నాయని
సంబరపడి వదిలేశామా,
ఒక రాత్రి, గాలీ లేదు, అలా లేదు,
తన బరువుకి తానే జారి
గుత్తులు గుత్తులుగా అడుక్కి పోతుంది పంట.
అందుకే మధ్యలో పైకి లాగి, విడదీసి,
ఒక తాడుని రెండు తాళ్లు చేస్తాం.
తక్కువగా కనిపించేదే ఒడ్డుకొస్తుంది.
ఫెర్మిన్ తన కాఫీ డబ్బులు కూడా
నాతోనే ఇప్పించి వెళ్లిపోయాడు.

నాకిచ్చింది జెల్. సారా వాసన.
స్నానమయ్యాక భుజాలకి రాసి
ఆరేదాకా అద్దం ముందు నిలబడాలి,
ఫొటో తీసేవాడు రాని మనిషిలా.
తర్వాత చేతులకి సబ్బు. ఆపైన చొక్కా.

మొదటి వారమే ఉషీయా,
నా మనవరాలు, నాలుగేళ్లది,
తలుపు తోసుకుని రెండు చేతులూ చాచి దూసుకొచ్చింది.
"ఆగు!"
ఆ పిల్ల మీద నేను అరవడం అదొక్కసారే.
ఒంటికి నిప్పంటుకున్నవాడిలా
వెనక్కి, గోడకి అతుక్కుపోయాను.
ఈ చర్మానికి మందు, ఆ చర్మానికి చేటు.
నాలుగేళ్ల ముఖానికి అది ఎలా చెప్పను?
"తాత మీద రంగు ఇంకా ఆరలేదమ్మా."
తలూపింది. పడవలు ఎరిగిన పిల్ల.

ఆరో నెలకి నిద్ర కుదిరింది, భుజం లేచింది,
కార్మె సంగతి మీకు చెప్పను.
సరిగ్గా అప్పుడే రక్తం చిక్కబడింది.
యాభై నాలుగు దాటిందని పెన్నుతో గీత గీసింది డాక్టరమ్మ.
ఇక్కడ ఆపుదాం,
పలచబడ్డాక తక్కువతో మొదలుపెడదాం అంది.
నాకు ఒళ్లు మండింది.
ఇప్పుడిప్పుడే కదా మనిషినయ్యాను!

ఇంటికి నడుస్తుంటే రేవు కనిపించింది.
ఎర్రపోటు రోజులవి.
పరీక్షల పడవ తెప్ప తెప్పకీ ఆగి
చిప్పలు కొన్ని సంచిలో వేసుకుపోతోంది.
సరే అన్న కబురొచ్చేదాకా ఒక్క తాడు పైకి లేవదు.
నా పంట నాకు తెలుసని మీసం మెలేసినవాణ్ణి
నలభై ఏళ్లలో నేను చూడలేదు.
విషమున్న నీళ్లు కూడా నీలంగానే ఉంటాయి.

ఇప్పుడు నాకు సగం మోతాదు.
మూడు నెలలకోసారి సూది.
కొన్ని మధ్యాహ్నాలు ఇంకా కునుకు పడుతుంది, కూర్చునే.
పొద్దున్నే తలుపవతల గొంతు:
"తాతా, ఆరిందా?"
మెడ దాకా బొత్తాలు పెట్టుకుంటూ
"ఆరుతోంది" అంటాను.
చిన్న కాళ్ల కింద చెక్క నేల కిర్రుమంటుంది.
వెళ్లిపోదు.